జాంగ్రీ ఎవరి కుక్క?

సోమవారం వచ్చిందంటే విశాఖలోని కాటు న్యాయపీఠం ఆవరణ కుక్కల సంతను తలపించేది. మనుషుల్ని కరిచిన కుక్కలన్నీ మెడకు పట్టీ లేకుండానే వచ్చేవి. కరిచిన పూటే పట్టీ విప్పి వీధిలోకి తోలేసి, "అది మా కుక్క కాదండీ" అని చేతులు దులుపుకోవడం 2081లో కూడా మనవాళ్ళు మానలేదు. చంద్రుడి మీద కాలనీలు కట్టుకున్నారు గానీ ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం వదులుకోలేకపోయారు.

చట్టం మాత్రం గట్టిదే. కుక్క కరిచినవాడిని, కరవకముందు ఎలా ఉన్నాడో అలా మళ్ళీ నిలబెట్టాలి. అది వాడి హక్కు. ఏదో నాలుగు రూకలు చేతిలో పెట్టి పొమ్మనడం పాతకాలపు ముచ్చట. తెగిన నరాన్ని ల్యాబులో పెంచి తిరిగి అతికించే నాడీ పునర్నిర్మాణం వచ్చాక, పరిహారమంటే అదే. దాని ఖర్చు మొత్తం కుక్క యజమాని నెత్తిన పడుతుంది. యజమాని ఎవరో తేలకపోతే ఫైలు మూలపడుతుంది, బాధితుడి చెయ్యో కాలో అలాగే చచ్చుబడి ఉండిపోతుంది.

ఆ యజమానిని తేల్చడానికే డాక్టర్ ఇంద్రనీల మక్కువమాపకాన్ని కనిపెట్టింది. ఇంగ్లీషులో అఫినిటీ స్కానర్ అంటారు. చూడడానికి ఇడ్లీపాత్ర మూతలా ఉంటుంది. దాన్ని కుక్క తలకు తొడిగి, అనుమానితుల వాసన ఒక్కొక్కటే చూపిస్తారు, గొంతు వినిపిస్తారు. తనవాళ్ళు తగిలినప్పుడు కుక్క మెదడులో కాడేట్ న్యూక్లియస్ అనే చోట చలనం పుడుతుంది. ఆ చోటికి ఇంద్రనీల మక్కువ కేంద్రమని పేరు పెట్టింది. ఎవరి దగ్గర యంత్రం మీది ముల్లు అందరికంటే పైకి లేస్తే వాళ్ళే యజమాని. రసీదులు చెల్లవు, లైసెన్సులు చెల్లవు. బినామీ యజమానుల బెడద వల్ల "అవును, నా కుక్కే" అన్న ఒప్పుకోలూ చెల్లదు. "కొన్నవాడు కాదు, కుక్క మనసులో ఉన్నవాడే యజమాని" అని ఆమె రాసిన వాక్యాన్నే న్యాయపీఠం నిబంధనగా పెట్టుకుంది. యంత్రం చెప్పినదాన్ని ఆపగలిగేది ఒక్క ఇంద్రనీలే. పరీక్షకురాలిగా ఆమె సందేహం చెబితే యంత్రాన్ని పక్కనపెట్టి, సాక్షుల మాట మీద కేసు మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

పెద్ద పెద్ద బిల్డర్లు కరిచిన కుక్కను జన్మలో చూడలేదని ఒట్టు పెట్టేవాళ్ళు. అంతలో ముల్లు ఎగిరి కూర్చునేది. హాలంతా గొల్లున నవ్వేది. అప్పుడు ఇంద్రనీల మొహం చూడాలి, పెళ్ళికూతురి మొహం కూడా అంత వెలగదు.

ఆమెకూ ఒక కుక్క ఉంది. ఉంగరాల బొచ్చుతో గోధుమరంగులో ముద్దుగా ఉంటుందని జాంగ్రీ అని పేరు పెట్టింది. రుషికొండ మీద ముప్ఫయ్యో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. సాయంత్రం ఇంటికి రాగానే "నా బంగారం" అని దాన్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని ఫోటో దిగి, అందరికీ పంపేది. దానికి స్నానం చేయించడం, తిండి పెట్టడం, బయట తిప్పడం, కక్కితే తుడవడం, ఉరుములకి వణికితే ఒళ్ళో పెట్టుకోవడం, ఇవన్నీ పైడితల్లి పని. పైడితల్లి కొండ దిగువ పేటనుంచి వచ్చి వంటా అంట్లూ చూసుకునే మనిషి. వాటిని ప్రేమ కింద లెక్కవెయ్యాలని ఇంద్రనీలకే కాదు, పైడితల్లికి కూడా తోచలేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఇంద్రనీల ముచ్చటపడి జాంగ్రీకి మూలుగ ఎముక వేసింది. గుండ్రంగా గాజులా ఉన్న ఆ ముక్క కుక్క కింది దవడకి తొడుక్కుని బిగుసుకుపోయింది. జాంగ్రీకి పిచ్చెత్తినట్టయింది. నెత్తుటి నురగ కక్కుతూ గోడలకి కొట్టుకుంటోంది. ఇంద్రనీల సోఫా ఎక్కి నిలబడింది.

"చూస్తావేం పైడితల్లీ, చచ్చిపోతోంది! లాగెయ్!"

పైడితల్లి చేతికి నూనె రాసుకుని కింద కూలబడింది. కుక్క తల చంకలో ఇరికించుకుని, ఎముకను అటూ ఇటూ తిప్పి తిప్పి లాగేసింది. ఆ ఆఖరి నొప్పికి జాంగ్రీ పళ్ళు బిగించింది. పైడితల్లి కుడి మణికట్టు లోపలిదాకా చీరుకుపోయింది. ఎముక ఊడిన మరుక్షణం అది ఆమె ఒళ్ళోనే తలదాచుకుని మూలిగింది.

నరాలు తెగాయనీ, నెలలోపు పునర్నిర్మాణం జరక్కపోతే వేళ్ళు ఇక ముడుచుకోవనీ డాక్టర్లు తేల్చారు. పైడితల్లి కట్టు కట్టిన చేతి వంక చూసుకుంటూ, "కుడిసెయ్యి పడిపోతే నా బతుకేటమ్మా?" అంది.

ఇంద్రనీలకి దుఃఖం ఆగలేదు. "సోమవారం యంత్రం నా పేరే చెబుతుంది. నీ చెయ్యి నీకు ఇప్పించే పూచీ నాది" అని ఆమె ఎడంచేతిలో చెయ్యేసి మాట ఇచ్చింది. ఇంటికొచ్చాక భర్త శ్రీవత్స సణిగాడు. ఫ్లాటు తాకట్టు పెట్టాల్సి వస్తుందనీ, కాటు కేసులో యజమానిగా తేలినవాళ్ళకి న్యాయపీఠంలో చోటుండదనీ గుర్తుచేశాడు. సిగ్గులేదా అని అతన్ని కడిగేసింది. ఆ రోజున ఆమె మనసులో కల్మషం లేదు. అది మాత్రం ఒప్పుకుని తీరాలి.

సోమవారం జాంగ్రీ తలకు మూత తొడిగారు. ముందుగా ఇంద్రనీల చీరకొంగు చూపించి, "నా బంగారం" అన్న ఆమె పిలుపు వినిపించారు. ముల్లు కొంచెం వణికి పడిపోయింది. శ్రీవత్స వాసనకి అదీ లేదు. ఇంట్లో మసిలే ప్రతి మనిషినీ చూడాలి గనక పైడితల్లి పాత రవికె తెచ్చారు. ఇంకా గొంతు వినిపించనే లేదు, ముల్లు వెళ్ళి ఆ చివర కొట్టుకుంది. జాంగ్రీ తోక కుర్చీని టపటపా బాదుతూ, కట్టుతో కూర్చున్న ఆ మనిషి వైపు గుంజుకుపోతూ కుయ్యిమంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. హాలంతా అందుకుంది.

ఇంద్రనీల జాంగ్రీ వంక చూసింది. ఇన్నేళ్ళూ తను పిలిచిన పిలుపులకీ, పెట్టిన ముద్దలకీ దక్కింది ఆ చిన్న వణుకా? కుక్క కక్కు తుడిచేదానికి ఇంత మక్కువా? తనకి తప్పిన గండం కూడా ఆ క్షణాన ఆమెకి గుర్తు రాలేదు. నలుగురిలో పోయిన పరువే గుర్తుంది. ఆ తోక అలా కొట్టుకుంటుంటే చూడలేక మొహం తిప్పుకుంది.

న్యాయాధికారి కళ్ళజోడు తీసి పైడితల్లిని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగాడు.

"కుక్క అమ్మగోరిది బాబూ. నాను పన్మనిసిని. నోట్లోది లాగెయ్యమన్నదీ అమ్మగోరే."

ఆయన ఇంద్రనీల వైపు తిరిగాడు. "డాక్టర్ గారూ, ఫలితం మీద మీకేమైనా సందేహం ఉందా? ఉందంటే ఆపేస్తాను."

ఉంది అని ఒక్క ముక్క అంటే పైడితల్లి చెయ్యి బతుకుతుంది. ఆ సంగతి ఇంద్రనీలకి తెలుసు. పైడితల్లి కూడా ఆమె నోటి వంకే చూస్తోంది, మాట ఇచ్చిన మనిషి గదా అన్న ధీమాతో.

"యంత్రం తప్పు చెప్పదండీ. తన కుక్క నోట్లోది తనే తీసుకుంది. ఒకరు చెప్పేదేముంది?" అంది ఇంద్రనీల.

బాధితురాలే యజమాని అయినందున పరిహారం హక్కు వర్తించదని రాసి, ఇకమీదట ఆ కుక్కవల్ల ఎవరికి ఏం జరిగినా పైడితల్లిదే బాధ్యతని చదివి వినిపించి, న్యాయాధికారి తరవాతి కేసు పిలిచాడు. బంట్రోతు గొలుసు తెచ్చి ఆమె ఎడంచేతికి అందించాడు.

బయట కారు దగ్గర ఇంద్రనీలని కలుసుకుంది పైడితల్లి. ఏడవలేదు, తిట్టలేదు. జాంగ్రీ ఆమె కాళ్ళకి చుట్టుకుంటూ, కట్టు చివర వేలాడుతున్న గుడ్డని నాకుతోంది.

"మీరలా అన్నారని నానేటీ అనుకోనమ్మా. ఎడంసెయ్యి బాగానే ఉంది. అంట్లు తోమగల్ను, ఇల్లు తుడవగల్ను. పన్లోంచి మాత్రం తీసీకండి."

ఇంద్రనీల కుక్క వంక చూసింది. అది తలెత్తి కూడా చూడలేదు.

"కరిచే కుక్క ఉన్నవాళ్ళని మా టవర్లోకి రానివ్వరు పైడితల్లీ. గేటు దగ్గరకొచ్చి వాచ్‌మన్‌తో గొడవపడకు, బాగుండదు" అని మెల్లగానే చెప్పి, కారెక్కి తలుపు వేసుకుంది.