రేకుల కంచె అవతల

పళ్ళిపట్టు దాటినాక బస్సు రోడ్డు పక్కనే భార్గవికి రెండెకరాల చెరుకు తోట. అదే ఆమె బతుకు. వేరుపురుగు పడి పైరు ఎండిపోతుంటే, తమ్ముడు శశికుమార్ అరవ నెల ఆడిలో రెండు డ్రమ్ముల నిండా సీమకప్పల్ని, పైదేశపు కప్పల్ని, తెచ్చి వదిలాడు. ఒక్కోటి రెండు చేతులకూ పట్టనంత కప్ప.

“పురుగంతా ఇవే తినేస్తాయక్కా. మందు కొట్టే పనే లేదు” అన్నాడు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. వాడి మాట ఆమెకు వేదవాక్కు.

కప్పలు పురుగు జోలికే పోలేదు. వందలకు వందలయ్యాయి. వాటిని కరిచిన ముంగిస నురగ కక్కి చచ్చింది. ఉడుమూ చచ్చింది. చివరికి, ఎలుకల్ని పట్టి ఏళ్ళ తరబడి తోటను కాచిన జెర్రిపోతు, కప్పను సగం మింగి గట్టు మీద చచ్చి పడింది. ఇక ఎలుకలకు పట్టపగ్గాల్లేవు.

చేలో పాము చస్తే ఆ ఇంటివాళ్ళు మనిషికి చేసినట్టే చేస్తారు. పూడ్చిపెట్టి, మూడోరోజు పాలు పోస్తారు. పోసినవాళ్ళు ఇల్లు చేరి దీపం పెట్టేదాకా దారిలో ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే ఆ పేరుకు వేరేది పలుకుతుందంటారు.

ఆ మూడోరోజు సాయంత్రం వాన. కాలిబాట మునిగిపోతే, పాలు పోసిన భార్గవి ఎప్పుడూ రాని చుట్టుదారిన, తమ్ముడి చేను పక్కగా ఇంటికి బయలుదేరింది. చేను చుట్టూ నిలువెత్తు రేకుల కంచె. అడుగున సిమెంటు. ఒక్క కప్ప దూరే సందు లేదు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేస్త్రీ గీసిన తేదీ చూసింది. డ్రమ్ములు రావడానికి నెల ముందుది.

కప్పలు చేటు తేవచ్చని వాడికి ముందే తెలుసు. తన చేను భద్రం చేసుకుని, పురుగును తింటాయో లేదో అక్క చేలో వదిలి చూశాడు.

“శశీ! ఒరే శశికుమారా!”

అరిచాక గానీ నియమం గుర్తుకు రాలేదు.

గుంటల్లో కప్పల అరుపు టక్కున ఆగింది... విరిగిన పాల వాసన. లోపల ఏదో రేకులకు రాసుకుంటూ వస్తోంది... నిదానంగా... బరువుగా...

గేటు తెరుచుకుంది. శశి. తడిసి ముద్దయి ఉన్నాడు.

“ఎందుకురా ఇట్లా చేసినావు? నేను నీకేం తక్కువ చేస్తిని?”

వాడు గేటుకు బయట గడియ పెట్టి, పక్కన నిలబెట్టి ఉన్న మోటారుబండి తీశాడు. వాన పెరిగింది. ఎంతైనా తమ్ముడు. ఏడుస్తూనే వెనక కూర్చుని నడుము పట్టుకుంది.

సగం దారిలో ఫోన్ మోగింది. శశి పేరు. ముందున్నవాడి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

“అక్కా...” గుసగుస. “తెలిసే చేసినానక్కా... తప్పే. నువ్వు పిలిస్తివని వస్తా ఉంటే ఎవరో బయట గడియ పెట్టేసినారు. నువ్వు యాడుండావు? నా బండెక్కి ఎవరితో పోతా ఉండావు?”

ఇంటి మలుపు వచ్చింది. దాటిపోయింది.

“ఆపు...” అంది.

వాడు తల తిప్పలేదు. నడుము పట్టుకున్న ఆమె చేతి కింద, వాడి పొట్టలో, రెండు చేతులకూ పట్టనంతది ఏదో మెల్లగా ఒత్తిగిల్లింది.