ఒక్క పిలుపుకు పలికినవాడు

శివశంకర్‌కు కంపెనీలో పని దొరికిందంటే లక్డారంలో ఎవరూ నమ్మలేదు. ఆ మందుల కంపెనీ లేచిందే వాళ్ల జొన్నచేలో. చేను తీసుకున్ననాడు ఇంటికో ఉద్యోగం అన్నారు. పెద్దసార్లు సరేనన్నా కాంట్రాక్టరు కదలడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. గేటు ముందు నిలబడి నిలబడి శంకర్ చెప్పులరిగాయి. చివరికి ఆ కాంట్రాక్టరే పిలిచి, మందుల ట్యాంకులో దిగి కడిగితే పర్మినెంటు చేయిస్తానన్నాడు. పర్మినెంటు వాళ్లెవరూ అందులో ఎందుకు దిగరో అడగాలని శంకర్‌కు తోచలేదు. ఆకలి మీదున్నవాడికి అలాంటివి తోచవు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పైన మూత దగ్గర కాపలా చిన్నరాములు, అదే ఊరివాడు, వరసకు కాకా.

"నడుమ నడుమ పిలుస్త. ఒక్క పిలుపుకే పలకాలె. పలకకుంటే గ్యాస్ కొట్టిందని తాడు గుంజుత," అన్నాడు.

శంకర్ నవ్వాడు. "మా నాయనమ్మ ఒక్క పిలుపుకు పలకొద్దంటుండె కాకా. మూడోసారి పిలిస్తెనే మనిషట."

"గది చేన్ల ముచ్చట బిడ్డా. గిది కంపెనీ."

లోపల చీకటి చెమ్మగా ఉంది. తుప్పు వాసన, దాని కింద మురిగిన మందుల వాసన. టార్చి వెలుగులో అడుగున పేరుకున్న మడ్డి గీకుతుంటే ఆ చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొస్తోంది.

"శంకరా."

"ఆ కాకా."

మళ్లీ గీకుడు. మళ్లీ పిలుపు. మళ్లీ జవాబు. చేయి పనిలో పడింది, నోరు అలవాటులో పడింది.

"శంకరా..."

"ఆ," అన్నాడు. అన్నాకగానీ తట్టలేదు. ఆ పిలుపు వీపు వెనక నుంచి వచ్చింది.

టార్చి తిప్పాడు. తడి గోడ... ఎవరూ లేరు. కాకా అని అరవబోయాడు. గొంతు పెగల్లేదు.

పైనుంచి చిన్నరాములు పిలిచాడు. "శంకరా."

"ఆ కాకా."

గొంతు శంకర్‌దే. అతని పెదవులు మాత్రం కదల్లేదు.

కాళ్లు చచ్చుబడ్డాయి. జవాబు రాకపోతే కాకా తాడు గుంజుతాడు, ఉన్నది ఆ ఒక్క ఆశే. పిలిచిన ప్రతిసారీ పక్కనుంచి ఎవరో హుషారుగా పలుకుతున్నారు. నడుము దగ్గర చల్లటి వేళ్లు... ముడి విప్పుతున్నాయి. చేయి ఎత్తి ఆపలేకపోయాడు.

"పని అయింది కాకా. గుంజు," అంది పక్కనున్న ఆ గొంతే.

మూత దగ్గరి గుండ్రటి వెలుతురులోకి ఎవరో పాకుతూ వెళ్లారు. ఆ చొక్కా శంకర్‌దే. అతని ఒంటి మీదా అదే చొక్కా ఉంది.

"శభాష్," అన్నాడు పైన కాంట్రాక్టరు. "రేపటి సంది నువ్వు పర్మినెంటు."

"సంతోషం సార్."

మూత పెట్టే ముందు అడగడం అక్కడి రివాజు. "లోపట ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగాడు చిన్నరాములు.

"ఎవ్వరు లేరు కాకా."

మూత పడింది. బోల్టులు ఒక్కొక్కటే బిగిశాయి. పొద్దుగూకేసరికి ఆ గొంతు ఇంటికి పోయి రవళిని పిలుస్తుంది. పెళ్లాం కదా, పలుకుతుంది. శంకర్‌కు ఏడుపొచ్చింది, అదీ బయటికి రాలేదు. గోడకు ఆనుకుని జారిపోయాడు.

చీకట్లో పక్కన ఎవరో కొంచెం జరిగి చోటిచ్చారు.

"జెర జరుగుండ్రి," అంది ఒక నీరసపు గొంతు. వాళ్ల పక్కనున్నవాళ్లు జరిగారు. ఆ పక్కవాళ్లు కూడా. ఆ జరుగుతున్న చప్పుడు ట్యాంకు గోడ ఉండాల్సిన చోటు దాటి, ఇంకా చాలా దూరం పోతూనే ఉంది.