నల్లగా కక్కే సింకు

విషం కేసుల వార్డు చివర ఒక సింకు ఉందిట. అది రాత్రిళ్లు నల్లగా కక్కుతుందిట... కక్కిన వారం తిరక్కుండా ఆ వార్డులో ఎవరో ఒకరు గుటుక్కుమంటారట. ఆ కంపుకి బొద్దింకలు కూడా ముక్కు మూసుకుని వలస పోయాయంటే చూసుకోండి!

ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే అమ్మాయి ఈ మాట విని పడీపడీ నవ్వేది. సొంత బావ ఆ వార్డులో చేరేదాకా.

దాహమేసి, కూల్‌డ్రింక్ సీసాలో ఎవరో పోసిపెట్టిన కలుపు మందు గుక్కెడు తాగేశాడు బావ. చూడ్డానికి గుండ్రాయిలాగే ఉన్నాడు, నర్సులతో పరాచికాలాడుతున్నాడు. కానీ కలుపు మందు కేసులో మనిషి మొహం చూసి మోసపోకూడదు. బతికేదీ పోయేదీ రక్తమే ముందు చెబుతుంది.

విషాన్ని పీల్చుకోడానికి బొగ్గుపొడి నీళ్లలో కలిపి గ్లాసులకి గ్లాసులు ఇస్తున్నారు. అయినా పూటపూటకీ రక్తంలో విషం దెబ్బ చూపించే లాక్టేట్ పైకి... కిడ్నీల పాట్లు చెప్పే క్రియాటినిన్ ఇంకా పైకి...

“నా కళ్లముందే నోట్లో పోసుకుంటున్నారే! ఆ వెంటనే నోరు కడుక్కొస్తున్నారు,” అని అక్క ఒకటే ఏడుపు.

ఆ రాత్రి మళ్లీ రక్తం తీద్దామని ల్యాబ్ అమ్మాయి సిరంజి పట్టుకుని వెళ్లింది. అక్క కుర్చీలో కునుకుతోంది. మంచం... ఖాళీ.

వార్డు చివర్నించి చప్పుడు — గుళగుళ... గుళగుళ...

అడుగులో అడుగేసుకుంటూ వెళ్లింది. అబ్బ, కంపు! గోడ నిండా నల్లటి జిగురు, తీగలు తీగలుగా జారుతోంది. సింకు మీదికి వంగిన ఆకారం ఇటు తిరిగింది. నోరు నలుపు. పళ్లు నలుపు. గడ్డం మీంచి చిక్కటి బొట్లు...

ఆమె కేక పెట్టబోయింది.

“అరవకు మరదలు పిల్లా...” అంది ఆ నోరు. “మీ అక్క లేస్తుంది.”

“ఛీ... బావా! ఏంటీ రోత?”

“ఆ బొగ్గునీళ్లు తాగితే బురద తాగినట్టుందే. గొంతు మండిపోతోంది. ఈ ఒక్కసారే ఉమ్మేశా... మిగతాదంతా మింగాను. నీ మీదొట్టు.”

ఆమెకి అప్పుడర్థమైంది. సింకు కక్కడమేంటి... ఇక్కడ మందు ఉమ్మినవాళ్లే ఒక్కొక్కరూ పోయారు!

“నీ రక్తం అలా అనట్లేదు బావా.”

“రక్తానికి నోరుందా ఏంటి!” నల్లపళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

సింకు తూము బుడుంగుమంది.

ఒక బుడగ... ఇంకోటి... వెనకే నల్లటి బురద ఉబికింది. పొంగింది. అంచు దాటి ఆమె చెప్పుల మీదికి, కాలివేళ్ల సందుల్లోకి వెచ్చగా పాకింది. గ్లాసులకి గ్లాసులు... అతను మింగానన్న మందంతా.

“ఇప్పుడు తాగేస్తే... సరిపోదూ?” అన్నాడు బావ. నవ్వు లేదు.

ఆమె అతని చెయ్యి లాగి, నరం కోసం వెతకసాగింది.