పండని మెహందీ

"సనోబర్ పదకొండున్నరకు దిగుతుంది. ఆమె ఏం చెబితే అది చెయ్యి." సమీనా చెవిలోని బుల్లి రిసీవర్‌లో చీఫ్ అర్జునరావు గొంతు.

టాక్సీ డ్రైవర్ ఖాకీలో సమీనా విశాఖ ఎయిర్‌పోర్ట్ బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. జేబులో ఫోన్ ఊరుకోవడం లేదు. అమ్మ. శుక్రవారం సమీనా నిఖా. పెళ్లికొడుకు సొహైల్ సింగపూర్‌లో, శత్రు ముఠాలో మారుపేరుతో ఉన్నాడు. మన రహస్య ఏజెంట్ల పేర్ల జాబితా ఒకటి ఆ ముఠా కొనబోతోంది. అందులో మొదటి పేరు అతనిదే.

నల్ల కళ్లద్దాలతో సనోబర్ రానే వచ్చింది. డబుల్ ఏజెంట్, ఎప్పుడు ఎవరి వైపో ఆమెకే తెలియాలి.

"సముద్రం ఎలా ఉంది?"

"కెరటాలు ఎక్కువ."

కోడ్ సరిపోయింది.

"జాబితా ఐదింటికి చెన్నైలో చేతులు మారుతుంది," అంది సనోబర్. "టీమ్‌ని ఇప్పుడే పంపించండి."

మైకులో అంతా వింటున్న చీఫ్ టీమ్‌ని చెన్నై విమానం క్యూలోకి కదిలించాడు. సనోబర్ జుట్టు సవరించుకుంది. అరచేయి కనబడింది.

"మెహందీ బాగుంది. ఎక్కడ పెట్టించుకున్నావ్?"

"నిన్న లండన్‌లో, ఫ్రెండ్ పెళ్లికి. అట్నుంచి అటే ఫ్లైట్ ఎక్కేశాను."

లండన్ నుంచి విశాఖకు సూటిగా వచ్చినా ఎనిమిది వేల కిలోమీటర్లు. దుబాయ్‌లో ఆగి, హైదరాబాద్‌లో మారి వచ్చేసరికి పదిహేడు గంటలు. సమీనా తల్లి ఆమినాబీ పూర్ణా మార్కెట్ దగ్గర మెహందీ పెడుతుంది. ముద్ద తీసిన పూట రంగు నారింజగా ఉంటుందని, పదిహేడు గంటలకు ముదరాలని ఆ ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. ఈ చెయ్యి ఇంకా నారింజే. అంటే ఈమె పొద్దున్నుంచీ ఈ ఊళ్లోనే ఉంది.

సమీనా ఆమె ఖాళీ చేతుల వైపు చూసింది. "నీ సామాను ఏది?"

సనోబర్ నవ్వు కొంచెం ఆలస్యమైంది. సమీనా ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది.

"సార్, చెన్నై అబద్ధం. ఈమె పెట్టె ఎవరికిచ్చిందో కెమెరాల్లో చూడండి."

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావ్..." చీఫ్ ఆగిపోయాడు. "నీలం సూట్‌కేస్. బూడిదరంగు కోటోడు తీసుకున్నాడు. సింగపూర్ గేటు. మూసేత్తన్నారు."

సింగపూర్‌కు నాలుగు గంటలు. ఐదో గంటకు సొహైల్ ఉండడు.

చెన్నై క్యూలోని టీమ్ వెనక్కి పరుగెత్తింది. సమీనా చెవిలో బూట్ల చప్పుడు, ఎవరిదో రొప్పు, మళ్లీ బూట్ల చప్పుడు.

"దొరికాడు," అన్నాడు చీఫ్. "ఇమానం తలుపు కాడ. జాబితా పెట్టెలోనే ఉంది."

సమీనాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"వాడు నన్ను పోల్చుకోడానికి గుర్తు నా మెహందీ చెయ్యే," అంది సనోబర్ నీరసంగా. "అందుకే పొద్దున్నే పెట్టించుకున్నాను."

ఫోన్ మళ్లీ మోగింది. "ఏటే, ఎప్పుడొస్తావు? శుక్రవారానికి పండద్దా?"

"వస్తన్నాను అమ్మీ. కోన్ తీసి ఉంచు."

రిపోర్టులో సమీనా 'విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టి' అని రాసింది. అర్జునరావు ముచ్చటపడి, ఆ లెక్క కట్టిన సాఫ్ట్‌వేర్ పేరేమిటని అడిగాడు.

"ఆమినాబీ," అంది సమీనా.