ఎడమ కాలి ఒట్టు

ఆండాళమ్మ గారి మీద మనవరాలు ఫణిశ్రీకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

ఆవిడకి ఎడమ అంటే పడదు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుంటే చెంచా లాగేసుకునేవారు. గడప దాటుతూ ఎడమ కాలు ముందు పెడితే వెనక్కి పిలిచి మళ్ళీ దాటించేవారు. రాయపూర్ రైల్వే కాలనీలో, స్కూలు పక్కనే ఇల్లుండి కూడా రోజూ లేటుగా వెళ్ళిన పిల్ల ఫణిశ్రీ ఒక్కతే. తండ్రి దుర్గారావు వర్క్‌షాపులో వ్యాగన్ల బ్రేకులు చూసే మనిషే గానీ, కన్నతల్లికి బ్రేకు వెయ్యడం ఆయన డిపార్ట్‌మెంటు కాదు.

దేవుడికి కూడా కాస్త అల్లరి ఉంటుంది కాబోలు. సరిగ్గా ఆ ఇంట్లోనే పిల్లని ఎడమవాటంతో పుట్టించాడు.

చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడతానని ఫణిశ్రీ మారాం చేస్తే ఆండాళమ్మ గారు వెంటనే సరేనన్నారు. నిక్కరు వేసుకుంటుందనీ, ఎండకి నల్లబడుతుందనీ ఒక్క మాట అనలేదు.

"ఆడితే ఆడుకో. ఎడమ కాలితో మాత్రం తన్నకు. నా మీద ఒట్టు వెయ్యి."

ఫణిశ్రీ నాయనమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

"ఆ చెయ్యి కాదే! కుడి చెయ్యి!" అని ఆవిడ మళ్ళీ వేయించారు.

ఇప్పుడు ఫణిశ్రీకి డిగ్రీ అయింది. పగలు నయా రాయపూర్‌లో ఓ ఆఫీసు ఉద్యోగం, సాయంత్రం కాలనీ అమ్మాయిల జట్టుకి కెప్టెన్సీ. ఒట్టు తప్పితే మనుషులు పోరని చదువుకున్న బుర్రకి తెలుసు. కాలికి తెలియదు.

ఆ కాలి వల్లే ఆమె కోరిక ఒకటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రాష్ట్ర జట్టు ట్రయల్స్‌కి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఒకటే మాట: "ఆట బాగుంది. కానీ బంతిని కుడి కాలికి మార్చుకునేలోపు పుణ్యకాలం గడిచిపోతోంది." మూడోసారి పిలిస్తే అదే ఆఖరు.

అలాంటి రోజుల్లో క్లబ్ సెక్రటరీ శివాజీ కొత్త కోచ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. "యే బన్సీ సర్ హైఁ," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆ జట్టుకి కోచ్ ఫణిశ్రీయే, బంతికి గాలి కొట్టేదీ ఫణిశ్రీయే. వచ్చినవాడు గ్రౌండంతా నారింజ రంగు కోన్లు పరిచేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. గోల్‌కీపర్ నీలిమ వైపు తిరిగింది. జట్టులో తెలుగు వచ్చింది వాళ్ళిద్దరికే. తిట్టుకోవడానికి అంతకు మించిన సదుపాయం లేదు.

"చూడవే, తాటిచెట్టుకి విజిల్ కట్టినట్టున్నాడు."

"మెల్లిగా! వింటాడే."

"విననీ. అర్థమైతే కదా! ఆ నోరు చూడు, ఆగదు. వాగుడుకాయ."

వారమంతా ఇదే వరస. ఎదుటి ప్లేయర్‌ని కాచే మార్కింగ్ సరిగా లేదని అతను వెంటపడి మరీ చెబితే "జిడ్డు" అని కొత్త బిరుదు ఇచ్చింది. అతను మాత్రం తలూపి, నవ్వి, విజిల్ ఊదేవాడు.

సోమవారం అందర్నీ వరసలో నిలబెట్టాడు. "ఆజ్ తీన్ నయే డ్రిల్."

మొదటిది, ఎగిరి బంతిని తలతో కొట్టడం. "ఇస్‌కా నామ్ తాటిచెట్టు."

ఫణిశ్రీ బూటు లేసు చేతిలోనే ఆగిపోయింది.

రెండోది, ఎదుటి ప్లేయర్‌ని క్షణం వదలకుండా అంటిపెట్టుకోవడం. "యే హై జిడ్డు." మూడోది, బంతి ఇచ్చే ముందు తోటి ప్లేయర్‌ని పేరు పెట్టి అరవడం. అరవకపోతే పాస్ చెల్లదు. "ఔర్ యే, వాగుడుకాయ."

"సర్, జిడ్డు క్యా హోతా హై?" అని అడిగింది కుముదిని సాహు. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే పిల్ల.

"బహుత్ అచ్ఛీ చీజ్ హై. కెప్టెన్ సే పూఛో." చాలా మంచిదట, కెప్టెన్నే అడగాలట.

నీలిమ గోల్ పోస్టు పట్టుకుని కూలబడి నవ్వుతోంది. ఫణిశ్రీకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్రాక్టీసు అయ్యాక అతనే దగ్గరకొచ్చాడు. "నా పేరు వంశీ అండి. శివాజీ గారి నోట్లో బన్సీ అయ్యాను. మాది శ్రీకాకుళం, పుట్టింది భిలాయిలో, పని సిల్తారా స్టీల్ ప్లాంటులో. ఇంకేమైనా పేర్లుంటే చెప్పండి కెప్టెన్ గారూ, డ్రిల్స్ చాలా మిగిలున్నాయి."

"మీరు... మొదటిరోజే చెప్పొచ్చుగా!"

"చెబితే ఇన్ని పేర్లు దొరికేవా?"

ఆమె కోపం తెచ్చుకోబోయింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు అతనికి కనపడకుండా వాటర్ బాటిల్ ఎత్తి తాగింది. బాటిల్ ఖాళీ.

నెల తిరిగేసరికి కుముదిని సాహు అరుపుకి గ్రౌండు పక్క చెట్ల మీద కాకులు లేచిపోతున్నాయి. వంశీ దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ప్రయత్నించి తప్పు చేసినవాళ్ళకి అందరూ చప్పట్లు కొట్టాలి. ప్రయత్నించనివాళ్ళకి ఏమీ లేదు. భయపడి బంతిని పక్కవాళ్ళకి నెట్టేసే అమ్మాయిలు, ఇప్పుడు ఇద్దర్ని తప్పించుకుని ముందుకి దూసుకెళుతున్నారు. అది చూస్తుంటే ఫణిశ్రీకి గుండె నిండిపోయేది. తన జట్టు మరి!

అంతా సవ్యంగా ఉన్నప్పుడే వచ్చిపడింది ఆ డ్రిల్.

"ఆజ్ ఉల్టా పైర్," అన్నాడు వంశీ. అంటే ఎడమ కాలు. తలకిందులన్నా ఎడమన్నా హిందీలో ఒకటే మాట. ఆండాళమ్మ గారికి ఆ సంగతి తెలిస్తే హిందీ ఎప్పుడో నేర్చుకునేవారు.

అందరూ ఇద్దరిద్దరుగా నిలబడి ఎడమ కాలితో పాసులు మొదలెట్టారు. ఫణిశ్రీ ఒక్కతే పక్కకెళ్ళి లేసు విప్పి కట్టింది. మళ్ళీ విప్పింది.

"లేసు అయిపోయిందాండీ?"

"నాకు ఈ డ్రిల్ వద్దు."

"తప్పులు పోతాయని భయమా? కెప్టెనే భయపడితే ఈ పిల్లలు ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారు?"

"మీకేం తెలుసని మాట్లాడుతున్నారు?"

"తెలియదు. చెప్పండి."

చెప్పలేదు. వారం రోజులు అవసరానికి మించి ఒక్క మాట లేదు. నీలిమే ఇద్దరి మధ్య పోస్ట్‌మాన్ పని చేసింది.

తర్వాత ఓ సాయంత్రం ప్రాక్టీసు ముగియగానే వాన పట్టుకుంది. అమ్మాయిలంతా ఆటోల కోసం పరుగెత్తారు. ఫణిశ్రీ స్కూటీ స్టార్టవలేదు. వంశీ తడుస్తూ కోన్లు ఏరుతూ, మిగిలిన బంతిని సంచీ వైపు తన్నాడు. తడి నేల మీద జారి, ఎగిరి, అది నేరుగా ఫణిశ్రీ మీదికే వచ్చింది.

ఆలోచించే టైమ్ లేదు. ఎడమ కాలు లేచింది.

బంతి వంశీ చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ వెళ్ళి గోల్ పైమూలలో వల కుదిపింది.

కోన్ల దొంతర పట్టుకుని అతను అలాగే నిలబడ్డాడు. "అదా మీకు రాని కాలు?"

"మీరేం చూడలేదు."

"వలలో బంతి ఉందండీ."

"గాలికి వెళ్ళింది."

"కెప్టెన్ గారూ!"

"సరే! ఈ కాలితో తంతే మా నాయనమ్మ పోతుంది. చాలా?"

వంశీ నవ్వలేదు. అతనిలో ఆమెకి మొదట నచ్చింది ఆ నవ్వకపోవడమే.

"ఇప్పుడు తన్నేశారుగా. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి," అన్నాడు నెమ్మదిగా.

వెంటనే చేసింది. "నాయనమ్మా, ఎలా ఉన్నావు?"

"నాకేమే, దుక్కలా ఉన్నాను. తడిశావా? తల తుడుచుకో. వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట పట్రా."

ఫోన్ పెట్టేసి ఫణిశ్రీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఒట్టు సంగతంతా చెప్పింది.

"నేను భయం అనుకున్నాను," అన్నాడు వంశీ.

"భయమే. నాయనమ్మకి ఏమీ కాదని తెలుసు. మాట తప్పానని తెలిస్తే నా వంక ఎలా చూస్తుందో, అది తలుచుకుంటేనే కాలు రాదు."

ఆదివారం పొద్దున్న వంశీ వాళ్ళింటికి వచ్చాడు. చేతిలో కొత్తిమీర కట్ట. ఆ రోజు ఆమె మర్చిపోయిందని అతనికెలా తెలిసిందో ఆండాళమ్మ గారు అడగలేదు గానీ, మనిషిని మాత్రం పైనుంచి కింద దాకా చూశారు.

"ఎవరి తాలూకా అబ్బాయ్?"

చెప్పాడు. కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఆ ఒట్టు వెనక్కి తీసుకోండి మామ్మగారూ," అన్నాడు.

వంటింటి గుమ్మం వెనక నిలబడి ఫణిశ్రీ వింటోంది.

ఆండాళమ్మ గారు ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టారు. తర్వాత మొదలుపెట్టారు. "నాకో చెల్లెలుండేది. బంగారమ్మ. దానిది ఎడమ చెయ్యే. అత్తారింట్లో మొదటి పండక్కి మర్చిపోయి ఆ చేత్తో నెయ్యి వడ్డించింది. బంధువులంతా విస్తళ్ళ ముందునుంచి లేచిపోయారు. అప్పట్నుంచి దాన్ని పంక్తి దగ్గరికి రానివ్వలేదు, బతికినన్నాళ్ళూ పెరటి వసారాలో ఒక్కతే తినేది. నా మనవరాలి ముందు అలా ఎవరూ లేవకూడదు బాబూ."

ఈ కథ ఫణిశ్రీకి ఎవరూ చెప్పలేదు. చెంచా లాక్కున్న చెయ్యి గుర్తుంది. ఆ చెయ్యి వణికేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

వంశీ వాదించలేదు. లేస్తూ, "మా జట్టు టోర్నమెంటు ఫైనల్‌కి చేరింది, ఒకసారి రండి. మీ మనవరాలి ఆట మీరు చూడనేలేదు," అన్నాడు.

"నేనా? బంతాటకా?" అన్నారు ఆవిడ.

వచ్చారు. గొడుగు, మంచినీళ్ళ సీసా, మోయడానికి దుర్గారావు సహా వచ్చారు. గీత పక్కనే కుర్చీ వేయించుకున్నారు. బిలాస్‌పూర్ జట్టుతో ఫైనల్. రాష్ట్ర జట్టు సెలెక్టర్లు గొడుగుల కింద కూర్చున్నారు. చెరో గోల్ అయింది, టైమ్ అయిపోవస్తోంది.

కుముదిని గొంతు చించుకుని "ఫణీ దీదీ!" అని అరిచి పాస్ ఇచ్చింది. గోల్ ఎదురుగా ఉంది. బంతి ఎడమ కాలి ముందు ఉంది. ఫణిశ్రీ దాన్ని కుడికి లాక్కుంది. అంతలో డిఫెండర్ వచ్చి తన్నేసింది.

వెనక ఎవడో నవ్వాడు. "ఏక్ పైర్ కీ ఖిలాడీ!"

"ఏమన్నాడ్రా?" అడిగారు ఆండాళమ్మ గారు.

"ఒంటికాలి ఆట అంటున్నాడమ్మా," అన్నాడు దుర్గారావు, నేల చూపులు చూస్తూ.

"ఎవడ్రా వాడు? నా మనవరాలికి రెండు కాళ్ళూ ఉన్నాయి!"

ఆవిడ గొడుగు పడేసి గీత దాకా నడిచారు. కాలనీ మొత్తంలో కూరలబ్బాయిని రెండో వీధినుంచి పిలవగల గొంతు అదొక్కటే.

"ఫణీ! ఒట్టు తీసి గట్టున పెట్టేశానే! తన్నవే! ఆ కాలితోనే తన్ను!"

రిఫరీ ఉలిక్కిపడ్డాడు. ఫణిశ్రీ ఆగి చూసింది. చీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుని బురదలో నిలబడి నాయనమ్మ కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ రెండూ ఊపేస్తోంది.

మళ్ళీ బంతి వచ్చింది. ఈసారి ఫణిశ్రీ మార్చుకోలేదు. ఒక్క అడుగు, ఎడమ కాలు, అంతే. బిలాస్‌పూర్ గోల్‌కీపర్ ఎగిరింది గానీ బంతి అప్పటికే వలలోకి చేరి విశ్రాంతి తీసుకుంటోంది.

గ్రౌండు హోరెత్తింది. అమ్మాయిలంతా ఆమె మీద పడ్డారు. విజిల్ మోగాక సెలెక్టర్ మైకులో రాష్ట్ర క్యాంపుకి వెళ్ళేవాళ్ళ పేర్లు చదివాడు. ఫణిశ్రీ పేరు మొదటే వచ్చింది. ఆండాళమ్మ గారు చుట్టూ ఉన్నవాళ్ళని పట్టుకుని తనకి వచ్చిన హిందీ, అప్పటికప్పుడు కొడుకుని అడిగి తెలుసుకున్న హిందీ అంతా ఖర్చుపెట్టేస్తున్నారు. "హమారా పోతీ హై! ఓ ఉల్టా పైర్ హమారా ఖాన్‌దాన్ కా హై!" తన మనవరాలట, ఆ ఎడమ కాలు తమ వంశానిదేనట.

ఆ సందట్లో వంశీ ఫణిశ్రీ పక్కకి చేరాడు.

"క్యాంపుకి వెళితే నేనిక మీ కోచ్‌ని కాదు."

"అందుకే ముఖం అలా పెట్టారా?"

"కాదు. అందుకే ఇవాళ చెప్పొచ్చని. మీరంటే నాకు ఇష్టం. దీనికి డ్రిల్ ఏమీ లేదు, నేరుగా చెప్పేస్తున్నాను. తప్పైతే కనీసం చప్పట్లయినా కొట్టండి."

ఫణిశ్రీ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "కొట్టను," అంది. "తప్పు కాదుగా."

"అబ్బాయ్!" వెనక ఆండాళమ్మ గారు. ఎంత విన్నారో తెలియదు, తక్కువైతే వినలేదు. "మీ ఇంట్లో ఎడమ చేత్తో వడ్డిస్తే ఏమంటారు?"

"మా అమ్మ టీచరండి. వడ్డించేది ఎక్కువగా నేనూ, నాన్నా. ఏ చేత్తో వడ్డించినా వేడిగా ఉంటే చాలంటారు."

ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "దుర్గా, వీళ్ళ నాన్న ఫోన్ నంబరు తీసుకో."

తర్వాత మనవరాలి దగ్గరకొచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా వంగారు. పైట చెంగుతో ఆ ఎడమ బూటు మీది బురద తుడవసాగారు.

"నాయనమ్మా! కాళ్ళు ముట్టుకుంటావేమిటి, లే!"

"ఊరుకోవే." ఆవిడ తల ఎత్తలేదు. చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేదు. "బంగారమ్మ ముందునుంచి లేచిపోయినవాళ్ళని ఒక్క మాట అనలేకపోయాను. వాళ్ళని అనలేక, ఇన్నేళ్ళు నీ కాలు కట్టేశాను. తప్పు దానిదీ కాదు, నీదీ కాదు. నాదేనే, ఫణీ. నాదే తప్పు."