పెలికాన్ చేతిలో ఆకలి జన్యువు

బెంజ్ సర్కిల్ దగ్గర ఆరంతస్తుల భవనంలో లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఒక మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కబోయినవాళ్లు, “దిగండి సార్” అన్నారు. అతను దిగలేదు. మెల్లగా ముందుకు వాలి, వాళ్ల కాళ్ల దగ్గర బోర్లా పడ్డాడు. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క.

పేరు ఆమోసు. పై అంతస్తులోని ‘తేలిక’ జీన్ క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. అతనికి ఇంకో ఉద్యోగం కూడా ఉందని నలుగురికి మాత్రమే తెలుసు.

ఆ నలుగురిలో ఒకరు కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ రామకోటేశ్వరరావు. మర్నాడు ఉదయం కంకిపాడులో ఒక రైసుమిల్లు వెనక గదిలో, ఏజెంట్ మణికుమార్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీ మణికుమార్ కింద కిర్రుమంటోంది.

“ఎంతున్నావయ్యా ఇప్పుడు?”

“నూట పద్దెనిమిది కిలోలు సార్. తగ్గుదామనే చూస్తున్నా.”

“తగ్గకు. నిన్ను పిలిచిందే అందుకు.”

ఇన్నేళ్ల సర్వీసులో అతని ఒంటిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

రావుగారు గొంతు తగ్గించారు. “కొందరికి ఆకలిని అదుపు చేసే జన్యువులో చిన్న తేడా ఉంటుంది. కడుపు నిండినా మెదడుకి కబురందదు. ఒళ్లొస్తుంది. ఒళ్లు పెరిగితే గర్భసంచి, పెద్దపేగు, కిడ్నీ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఒంటితో నిమిత్తం లేకుండా ఆ తేడాయే నేరుగా క్యాన్సర్‌కి దారి తీస్తుందా అన్నది సైంటిస్టులు ఇంకా తేల్చలేదు. పెలికాన్ అనే విదేశీ ముఠా అది మన జనం మీద తేల్చుకుంటోంది.”

“ఎలా సార్?”

“ఆకలి చంపే మందొకటి తయారుచేశారు. జన్యువులో ఆ తేడా ఉన్న ఎలకలకి పొడిస్తే గడ్డలు లేచాయి. మనుషుల మీద వాడటానికి వాళ్ల దేశం ఒప్పుకోలేదు. అందుకని ఇక్కడికొచ్చి, బందరు తీరం నుంచీ కొల్లేరు లంకల నుంచీ జనాన్ని బస్సుల్లో తెచ్చి, ఒళ్లు తగ్గే సూది అని ఉచితంగా పొడుస్తున్నారు.”

“ఇవాళే రైడ్ చేద్దాం.”

“చేస్తే మందంతా సింకులో పోస్తారు. సాక్ష్యం మందు కాదు, సూది తర్వాత తీసిన రక్తం. అదంతా ఒక నీలం పెట్టెలో, డ్రై ఐస్‌లో ఉంది. ఎక్కడుందో ఆమోసు కనుక్కున్నాడు. మనకి చెప్పేలోగా చంపేశారు. నువ్వు పేషెంటుగా వెళ్లు. పెట్టె కదిలిన క్షణం పట్టుకోవాలి. అప్పటిదాకా కళ్లముందు ఏం జరిగినా వేలు పెట్టకూడదు. అర్థమైందా? ఏం జరిగినా.”

“లోపల మనవాళ్లెవరైనా...”

“ఒకామె ఉంది. ‘చేప ఎండిందా’ అని అడుగుతుంది. ‘ఇంకా ఎండ చాలలేదు’ అనాలి. ఆమె మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరికన్నది ఆమెకే తెలియాలి.”

మణికుమార్ కైకలూరు ఎండుచేపల వ్యాపారి బంగార్రాజుగా మారిపోయాడు. మెడలో గొలుసు, దాని లాకెట్‌లో కెమెరా, చెవిలో గింజంత ఇయర్‌పీస్. జేబులో పెన్ను, పెన్నులో ఒకే ఒక మత్తు బాణం. మొదటిరోజు క్లినిక్‌లో రక్తం తీసుకుని పంపేశారు. నాలుగు రోజులకి సూది వేస్తాం రమ్మని ఫోన్ వచ్చింది. సంతోషంగా బయలుదేరాడు. సూది హాల్లో కూర్చున్నాక గానీ వెలగలేదు. జన్యువులో ఆ తేడా ఉన్నవాళ్లనే ఇక్కడికి పిలుస్తారు. అంటే తనకీ ఉంది.

అమ్మ పెద్దపేగు క్యాన్సర్‌తో పోయినప్పుడు, “తిండి తగ్గించుకోమంటే వినలేదు” అని చుట్టాలంతా ఆవిడనే తిట్టారు. తను కూడా.

పక్క కుర్చీలో భారీ మనిషి, అరవై దాటిన ఆవిడ, చీరకొంగుతో విసురుకుంటోంది. బందరు దగ్గర రేవు నుంచి వచ్చానంది. పేరు నాంచారమ్మ.

“మా అమ్మా ఇంతే నాయనా, మా అక్కా ఇంతే. ఇద్దరూ గర్భసంచిలో క్యాన్సరొచ్చి పోయారు. నాకు రాకూడదనే ఈ సూది. నాకు గుణమిస్తే మా మనవరాలు దుర్గని కూడా తెస్తా. అదీ బొద్దుగా ఉంటది.”

ఏ జబ్బుకి భయపడి వచ్చిందో ఆ జబ్బునే ఆవిడకి ఎక్కించబోతున్నారు.

“మామ్మా, ఇవాళ వద్దు. జ్వరంగా ఉందని చెప్పి వెళ్లిపో” అన్నాడు పెదవులు కదపకుండా.

“నాకు జ్వరమేంటయ్యా? నిక్షేపంగా ఉన్నా!”

హాలంతా వినబడింది. తలుపు దగ్గర గార్డు ఇటు తిరిగాడు. ఇయర్‌పీస్‌లో రావుగారి గొంతు బుసకొట్టింది. “మణీ! నోరు మూసుకో.”

అప్పుడే హైహీల్స్ చప్పుడు. నెమలికంఠం రంగు పట్టుచీర, పొట్టి జుట్టు, ఏసీ చల్లదనాన్ని చీల్చుకొచ్చే అత్తరు. జెనెటిక్ కౌన్సెలర్ హెలెన్.

“చేప ఎండిందా బంగార్రాజుగారూ?”

“ఇంకా ఎండ చాలలేదండీ.”

ఆమె నవ్వింది. నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, “రండి మామ్మగారూ” అంటూ లోపలికి నడిపించింది. అద్దం తలుపు అవతల పెలికాన్ నాయకుడు డాక్టర్ వెర్నర్ సిరంజి నింపుతున్నాడు. మణికుమార్ వేళ్లు పెన్ను మీద బిగుసుకున్నాయి. ఒక్క నొక్కు చాలు. కానీ నొక్కితే పెట్టె పోతుంది, అందులోని వందలమంది సాక్ష్యమూ పోతుంది. నాంచారమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంటూ అతనికేసి తిరిగి నవ్వింది. సూది దిగింది. అతను చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత అతని వంతు. సూది గదికి బదులు హెలెన్ తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

“వెర్నర్‌కి అనుమానం వచ్చింది. పెట్టె ఇప్పుడే దిగుతోంది. క్లినిక్ చెత్తతో కలిపి, పసుపు సంచుల వ్యాన్‌లో. ఇబ్రహీంపట్నం దగ్గర ఆసుపత్రి చెత్త కాల్చే ఇన్సినరేటర్‌కి.”

“గన్నవరం ఎయిర్‌పోర్టుకి పోతుందని కబురొస్తే మావాళ్లంతా అక్కడ కాపు కాస్తున్నారు!”

“ఆ కబురు పంపింది వెర్నరే. వాళ్లకి కావలసిన అంకెలు ఎప్పుడో విదేశం చేరాయి. రక్తంతో ఇప్పుడు పని మీకే.” ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. “రెండు వారాలుగా సగం సీసాల్లో మందు పారబోసి ఉప్పునీళ్లు నింపాను.”

“నాంచారమ్మకి ఏది పడింది?”

“తెలియదు. సీసాలన్నీ ఒకటే రకం. ఆయన చేతికి ఏది వస్తే అది. ఎవరికి ఏది పడిందో ఆ రక్తమే చెప్పాలి. ఇవాళ్టిది కూడా అందులో పెట్టేశారు. పెట్టె కాలిందా, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు.”

“నిన్ను ఎలా నమ్మను?”

“నమ్మొద్దు. వ్యాన్ వెనక వెళ్లండి.”

మెట్లు దిగేసరికి పసుపు సంచుల వ్యాన్ మలుపు తిరుగుతోంది. ముందు సీట్లో వెర్నర్. దొరికిన ఆటో ఎక్కాడు. ఫ్లైఓవర్ మీద వ్యాన్ కనిపించింది. భవానీపురంలో అడ్డంగా తిరుగుతున్న లారీ వెనక ఆటో ఇరుక్కుపోయింది. ఇయర్‌పీస్‌లో రావుగారు, “మేం గన్నవరంలో ఉన్నాం, రావడానికి గంట పడుతుంది” అంటున్నారు. మణికుమార్ కళ్లముందు వ్యాన్ చిన్నదై చిన్నదై మాయమైంది. ఆటోలో కూర్చుని హారన్లు వినడం తప్ప చేయగలిగింది లేదు.

ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్ పొగగొట్టాలు దాటి షెడ్డు చేరేసరికి భోజనాల వేళ. పనివాళ్లు లేరు. లోపల రబ్బరు బెల్టు మీద పసుపు సంచులు వరుసగా ఉన్నాయి. బెల్టు చివర ఇనపతలుపు ఎత్తి ఉంది, లోపల ఎర్రగా మంట. స్విచ్‌బోర్డు దగ్గర వెర్నర్ పిస్తోలు ఎత్తాడు.

“లేట్ అయ్యావు, మిస్టర్ బంగార్రాజు.”

మణికుమార్ పెన్ను నొక్కాడు. బాణం వెర్నర్ మెడలో దిగింది. గుండు గురితప్పి రేకుల్లోకి పోయింది. కానీ కూలుతూ కూలుతూ వెర్నర్ స్విచ్ మీదే పడ్డాడు.

బెల్టు కదిలింది.

అన్నీ ఒకేలాంటి సంచులు. మొదటిది మంటలోకి పోయింది. రెండోదీ పోయింది. మణికుమార్ పిచ్చిగా వెతికాడు. తలుపుకి మూరెడు దూరంలో ఒక సంచి మూతినుంచి తెల్లటి ఆవిరి వస్తోంది. డ్రై ఐస్! దాన్ని అందుకోవడానికి పరిగెత్తాడు, చెయ్యి చాలలేదు. ఇంక దారిలేక ఒళ్లంతా తీసుకెళ్లి బెల్టు మీద పడేశాడు.

బెల్టు మూలిగింది. మోటారు గుర్రుమని, పొగ కక్కి, నిలిచిపోయింది. సంచి అంచు మంటకి ముడుచుకుంటోంది. కాలుతున్న వేళ్లతోనే వెనక్కి లాగాడు. నీలం పెట్టె మూత మీద ఇంకా మంచు ఉంది.

వెర్నర్‌కి జైల్లో మెలకువ వచ్చింది. హెలెన్ ఆ సాయంత్రం నుంచి ఎవరికీ కనబడలేదు. సగానికి పైగా జనానికి పడింది ఉప్పునీళ్లేనని ల్యాబ్ తేల్చింది.

నాంచారమ్మకి పడింది మందు.

“వెనక్కి తీసే దారుందా డాక్టర్‌గారూ?” అని అడిగాడు మణికుమార్. లేదన్నారు. గడ్డ రావచ్చు, రాకపోవచ్చు. ఆరునెలలకోసారి స్కానింగ్ చేసి చూస్తూ ఉండాలి. అంతే.

ఆ మాట చెప్పడానికి కట్టుకట్టిన చేతులతో తనే రేవుకి వెళ్లాడు. నాంచారమ్మ ఎండేసిన చేపల్ని తిరగేస్తూ మొత్తం విన్నది.

“వద్దన్నావు. నేనే వినలా.”

“గట్టిగా చెప్పాల్సింది మామ్మా. చెప్పలేకపోయాను.”

“దుర్గకీ ఉంటదా ఆ తేడా?”

“ఉండొచ్చు. ఉన్నంత మాత్రాన జబ్బొచ్చేసినట్టు కాదు. పరీక్ష చేయిద్దాం.”

“నీకూ ఉందా?”

“ఉంది.”

ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, చేతులు దులుపుకుని లేచింది.

“సరే, స్కానింగుకి ఇద్దరం కలిసే పోదాం. బస్సులో ముగ్గురు కూర్చునే సీటు చూసి పట్టు నాయనా, మనిద్దరికీ సరిపోద్ది.”