మూలింటి దండెం

మంగళవారం ఉదయం ఓపల్ కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి పెరట్లోకి చూసింది. రెండు గుక్కలైనా తాగకుండానే కప్పును సింకులో పెట్టేసింది. నిన్న సాయంత్రం కూతురూ అల్లుడూ పాతిన, పైన అడ్డకర్రలున్న రెండు స్తంభాల మధ్య దండెం కట్టి ఉంది. దాని మీద అల్లుడు కర్ట్ బనియన్లు, కూతురు గ్వెన్ జీన్సు, వాటి పక్కనే తన లోదుస్తులు వేలాడుతున్నాయి. గ్వెన్ ఆఫీసుకు వెళ్ళే ముందు ఆరేసి పోయినట్టుంది.

అది వీధి మూలనున్న ఇల్లు. పెరటి కంచె నడుమెత్తు కూడా ఉండదు. దాన్ని ఆనుకునే పక్క వీధిలో రోజూ ఎనిమిదింటికి పసుపుపచ్చ బడి బస్సు వచ్చి ఆగుతుంది.

గ్వెన్‌కు జనవరిలో భూమి మీద బెంగ పట్టుకుంది. వంటింటి చెత్త ఎరువు గుంటలోకి చేరింది. సోమవారాలు మాంసం మాయమైంది. పచ్చిక కోసే యంత్రం అమ్ముడుపోయి, ఇంటి ముందు గడ్డి ఉండే చోట అడవిపూలు మొలిచాయి. కర్ట్ నోరు మెదపలేదు, పదిహేనేళ్ళ కాపురం అతనికి ఆ మాత్రం నేర్పింది. ఓపల్‌కైతే అదంతా తాతకు దగ్గులు నేర్పినట్టే ఉండేది. బ్రెడ్డు సంచులు కడిగి ఆరబెట్టి దాచుకునే మనిషి ఆమె. అయినా కూతురి ముచ్చట కాదనకుండా అన్నింటికీ చేయి సాయం చేసింది. దండెం మాట మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు.

సాయంత్రం గ్వెన్ వచ్చేసరికి బట్టలారబెట్టే డ్రయ్యరు గిరగిరా తిరుగుతోంది. దండెం మూడు ముక్కలై చెత్తబుట్టలో ఉంది.

"అమ్మా, తాడు ఎవరు కోశారు?"

"నేనే. వంటింటి కత్తెరతో."

గ్వెన్ ముందు నెమ్మదిగానే చెప్పింది. ఇంట్లో కరెంటు ఎక్కువగా తాగేది ఆ మిషనేనంది, ఎండ ఊరికే వస్తోందంది. తల్లి డ్రయ్యరు మీట ఇంకో అరగంటకు తిప్పింది. చివరికి గ్వెన్‌కు ఒళ్ళు మండింది.

"మీ తరం వాళ్ళు వెనకా ముందూ చూడకుండా వాడి పారేశారు. ఇప్పుడు పసివాళ్ళు అనుభవించాలి. మీకేం పట్టింది?"

ఓపల్ ముఖం పాలిపోయింది. "మా ఇంట్లో ఉన్నది ఒక్క బల్బు. నీళ్ళు వాగు నుంచి మోసుకొచ్చేవాళ్ళం. నేనేం వాడేశానే, గ్వెన్?"

ఆ మాటకు బదులు కోసం ఆగకుండా గదిలోకి వెళ్ళి పెట్టె తీసింది. పొద్దున్నే ఇండియానాలో కొడుకు రస్ దగ్గరికి వెళ్ళిపోతానంది. తన బట్టలు ఊరంతా చూసే ఇంట్లో ఉండలేనని చెప్పింది. డెబ్బై తొమ్మిదేళ్ళ తల్లి చొక్కాలు మడత పెడుతుంటే గ్వెన్‌కు కోపం పోయి భయం పట్టుకుంది.

"ఒక్క తాడు కోసం నన్ను వదిలి పోతావా?"

ఓపల్ మంచం మీద కూలబడింది. గోడకేసి చూస్తూ చెప్పింది.

"కెంటకీ కొండల్లో మా అమ్మ మాకు పిండి సంచుల గుడ్డతో లోపలి లాగులు కుట్టేది. సంచి మీద ఎర్ర కోడిపుంజు బొమ్మ. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. మా దండెం రోడ్డు పక్కనే. బడి బస్సు సరిగ్గా అక్కడే ఆగేది. ఒకరోజు పిల్లలు చూశారు. బస్సంతా కోడికూత కూసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, నేనెక్కితే కూత, దిగితే కూత. నా పేరు ఓపలని టీచరుకు తప్ప ఎవరికీ తెలీదు."

గ్వెన్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మీ నాన్న పెళ్ళికి ముందు ఏం కావాలని అడిగాడు. బట్టలారబెట్టే మిషను అన్నాను. ఎందుకో చెప్పాను. నవ్వలేదే. ఇంట్లోకి మంచం కంటే ముందు అదే తెచ్చాడు."

మంచం కంటే ముందు డ్రయ్యరు వచ్చిన కథ గ్వెన్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. విందుల్లో అది చెప్పి అందరినీ నవ్వించేది. అలా నవ్వించిన ప్రతిసారీ తల్లి లేచి పళ్ళేలు తీయడం ఇప్పుడు గుర్తొచ్చింది. తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి గ్వెన్ ఏడ్చింది. పొద్దున్నే స్తంభాలు పీకించేస్తానంది. ఓపల్ ఆమె జుట్టు నిమిరిందే కాని, సరేనని అనలేదు.

మర్నాడు గ్వెన్ లేచేసరికి తల్లి మంచం ఖాళీగా ఉంది. పెట్టె మాత్రం అక్కడే ఉంది. పెరట్లో నిన్నటి తాడు ముక్కలు ముడులేసి మళ్ళీ కట్టి ఉన్నాయి. దానికి అటూ ఇటూ ఇంకో రెండు తాళ్ళు కొత్తగా వెలిశాయి. ఓపల్ తడి దుప్పటి దులుపుతోంది.

"ఒక్క వరస కడితే ఎలాగే? మూడు కట్టాలి. దుప్పట్లు బయట, లోపలివి మధ్యలో. అప్పుడు ఎవరికీ కనబడవు," అంది. దుప్పటి అంచు సర్దుతూ, "మా అమ్మకు ఈ సంగతి తెలుసు. అడ్డం వేయడానికి ఆమెకు దుప్పట్లే లేవు," అంది.

"నీకు కష్టమైతే వద్దమ్మా. నిజంగా అంటున్నా."

"ఇంకెన్నాళ్ళని భయపడను, ఆ కోడికి?"

పక్క వీధిలో బస్సు చప్పుడైంది. ఓపల్ చేతిలోని క్లిప్పు జారి గడ్డిలో పడింది. గ్వెన్ వచ్చి ఆ చేయి పట్టుకుంది. ఇద్దరూ రెండు దుప్పట్ల మధ్య సందులో నిలబడ్డారు. బస్సు కంచె పక్కనే ఆగింది. కిటికీలోంచి ఒక చిన్నపిల్ల వీళ్ళకేసి చూసి, ఆవులించి, తల తిప్పుకుంది. తలుపు మూసుకుని బస్సు మలుపు తిరిగింది.

ఎవరూ కూయలేదు.

ఓపల్ తడి దుప్పట్లో ముఖం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత ఆ దుప్పటితోనే కళ్ళు తుడుచుకుని, బుట్టలోంచి తన లాగు తీసి మధ్య వరస మీద వేసింది.

"ఆ క్లిప్పు ఇలా ఇవ్వు," అంది కూతురితో.